పడుగుకు పీవీఏ సైజింగ్: వండటం నుంచి కడిగేయడం దాకా

మగ్గం మీద తెగే పోగుల్లో చాలావరకు బలం చాలక తెగవు. ఒరుసుకుని, నూగు లేచి, పక్క పోగుతో చిక్కుపడి తెగుతాయి. నేతకు ముందు పడుగుకు, అంటే నిలువు పోగులకు, గంజిలాంటి పూత పెట్టే సైజింగ్ గురించి మొదట తెలుసుకోవలసింది ఇదే. ఆ పూతనే సైజు అంటారు. దాని పని దారాన్ని గట్టిపరచడం కాదు, దారానికి చొక్కా తొడగడం. చొక్కా మందమైతే దారం వంగదు. పలచనైతే రెండు రోజుల్లో చిరుగుతుంది.

బీము (పడుగు చుట్టిన రోలరు) నుంచి బట్టగా మారే చోటు దాకా పడుగు దాదాపు మీటరు దూరం నడుస్తుంది. అంగుళానికి 60 పిక్కుల (పేక పోగుల) బట్ట నేస్తుంటే, పోగులో ఏ చోటు తీసుకున్నా ఆ మీటరు దాటేలోగా షెడ్డు, అంటే పేక దూరేందుకు పడుగు పోగుల మధ్య తెరుచుకునే సందు, 2,300 సార్లకు పైగా తెరుచుకుని మూసుకుంటుంది. ప్రతిసారీ పోగు సాగుతుంది, పోగును ఎత్తి దించే హీల్డు కంటికీ, పేకను తట్టే దువ్వెనలాంటి రీడు పళ్లకూ, పక్క పోగులకూ రాసుకుంటుంది. పేకకు ఈ బాధ లేదు, అందుకే కండె దారానికి సైజు పెట్టరు.

చేనేతలో దీనికి బియ్యపు గంజి, కాస్త కొబ్బరినూనె, కుంచె సరిపోతాయి. వీధిలో పడుగు చాచి, పోగు పోగుకూ కుంచె తగిలేలా దువ్వి ఆరబెడితే నూగు పడుకుంటుంది. చేతి మగ్గం వేగానికి అది చక్కటి పూత, అక్కడ పాలిమర్ అవసరం లేదు. సిరిసిల్ల సాంచాల (మరమగ్గాల) మీద లెక్క వేరు. భివండీ, షోలాపూర్, సూరత్‌లలో మనవాళ్లు నడిపే మరమగ్గాల మీదా అంతే. నిమిషానికి 120–150 పిక్కుల సాదా మరమగ్గం మీదే గంజి పొర పెళుసుబారి పొడిగా రాలుతుంది, ఇంకా వేగంగా నడిచే రేపియర్ మగ్గం మీదైతే ఇంకా త్వరగా రాలుతుంది. పాలిస్టర్ కలిసిన నూలుకు గంజి అసలు సరిగ్గా అంటుకోదు. పాలివినైల్ ఆల్కహాల్, అంటే పీవీఏ, అక్కరకొచ్చేది అక్కడే.

ఏ పీవీఏ కొనాలి

సంచి మీద 1788 అనో 1799 అనో అంకె ఉంటుంది. మొదటి రెండు అంకెలు గొలుసు పొడవు చెబుతాయి. 17 అంటే సుమారు 1,700 కడియాల గొలుసు, 05 అంటే సుమారు 500. గొలుసు పొడుగైతే ద్రావణం చిక్కగా, పొర గట్టిగా ఉంటుంది. పొట్టిదైతే పలచగా ఉండి దారంలోకి బాగా దిగుతుంది. చివరి రెండు అంకెలు ఇంకా ముఖ్యం. పీవీఏను పాలివినైల్ అసిటేట్ నుంచి, దాని అసిటేట్ సమూహాలను తీసేసి తయారుచేస్తారు. 99 అంటే దాదాపు అన్నీ తీసేశారు. 88 అంటే నూటికి పన్నెండు మిగిల్చారు.

ఆ మిగిలిన అసిటేట్ వల్లే 88 రకం పాలిస్టర్‌కు అంటుకుంటుంది, తక్కువ వేడికి కరుగుతుంది, బట్ట నుంచి సులువుగా కడిగినా పోతుంది. దాని లోపాలు రెండు: నురగ ఎక్కువ, వానాకాలం తేమకు జిగట. 99 రకం పత్తికి గట్టిగా పడుతుంది, పొర దృఢంగా ఉంటుంది. అయితే 90 డిగ్రీలు దాటిన నీళ్లలో తప్ప పూర్తిగా కరగదు. ఆరబెట్టేటప్పుడు వేడి మితిమీరితే లోపల స్ఫటికంలా బిగిసి, అద్దకం దగ్గర కడగడమే కష్టమవుతుంది.

సొంత బాయిలరు చిన్నది, అద్దకం పని బయట ఎక్కడో జరుగుతుంది అనుకునే యూనిట్లు పత్తికైనా పాలిస్టర్ కాటన్‌కైనా 88 రకమే వాడటం మేలు. వండటంలో చిన్న పొరపాటు జరిగినా 88 క్షమిస్తుంది, 99 క్షమించదు.

ఒంటరి పీవీఏతో సైజు పెట్టాలన్న ఆలోచన మాత్రం వద్దు. దాని పొర అతి గట్టిది. ఆరిన పడుగు లీజు రాడ్ల దగ్గర పోగు పోగుగా విడిపోవాలి కదా, ఆ విడిపోవడంలో పొర చీలక దారం నుంచి నారను పీకుతుంది. నూగు అణచడానికి పెట్టిన పూతే నూగు లేపుతుంది. అందుకే సవరించిన మొక్కజొన్న పిండి, అంటే పలచగా ఉడికే స్టార్చ్, కొంత కలుపుతారు. పిండి పొర పెళుసు కాబట్టి విడిపోవడం తేలికవుతుంది. కొద్దిగా అక్రిలిక్ సైజు పొరకు మెత్తదనం ఇస్తుంది. మిగిలింది మైనం లేదా సాఫ్ట్‌నర్.

ఎంత ఎక్కించాలి

సాదా మరమగ్గానికి, సింగిల్ నూలుకు, పిండి, పీవీఏ మిశ్రమంతో మొదలుపెట్టదగిన అంకెలు ఇవి. 20వ నంబరు (నంబరు పెరిగే కొద్దీ నూలు సన్నం) పత్తికి దారం బరువులో 8–9 శాతం, 40కి 10–12, 60కి 12–14. పాలిస్టర్ 67, పత్తి 33 పాళ్ల 45వ నంబరుకు 10 దగ్గర మొదలుపెట్టండి. నూలు సన్నబడే కొద్దీ శాతం పెరుగుతుంది. బరువుతో పోలిస్తే రాపిడికి దొరికే పైభాగం ఎక్కువ, ఒక్కో పోగులో నారలు తక్కువ కావడమే దానికి కారణం. రేపియర్ మగ్గానికి ఒకటి రెండు శాతం కలపండి. రెండు పేటల దారానికి 3–4 శాతం చాలు, చాలాసార్లు మైనం ఒక్కటే సరిపోతుంది. గట్టి మెలిక ఉన్న ఫిలమెంట్ పాలిస్టర్‌కు సైజు అక్కరలేదు.

ఎంత ఎక్కుతుందన్నది రెండు విషయాల మీద ఆధారపడుతుంది: ద్రావణంలో ఘనపదార్థం ఎంత శాతం, రోలరు పిండాక దారం తన బరువులో ఎంత శాతం ద్రావణాన్ని మోసుకుపోతోంది. రెండో దాన్ని తడి పట్టు అందాం. రెండింటినీ గుణించి 100తో భాగిస్తే ఎక్కిన సైజు శాతం వస్తుంది. ద్రావణం 10 శాతం, తడి పట్టు 100 శాతం అయితే దారానికి 10 శాతం సైజు.

40వ నంబరు నూలు కిలోకు సుమారు 67.7 కిలోమీటర్లు తూగుతుంది. 4,000 పోగుల పడుగు 1,000 మీటర్లు అంటే 59 కిలోలు. తడి పట్టు 100 శాతమైతే ప్రతి 1,000 మీటర్లకూ 59 కిలోల ద్రావణం పోతుంది. 500 లీటర్ల వంట ఎనిమిది వేల మీటర్లకు పైగా వస్తుంది. అందులో సైజు పెట్టె అడుగున మిగిలేది తీసివేయాలి. బీము పూర్తయ్యాక కాటా మీద ఈ లెక్క సరిపోల్చుకోండి. ఖాళీ బీము బరువు తీసేస్తే వెయ్యి మీటర్లకు 65 కిలోల దగ్గర ఉండాలి. 62 ఉంటే దారానికి 5 శాతమే ఎక్కినట్టు. ఆ పడుగు సాంచా ఎక్కితే నేసేవాడికి రోజంతా తెగిన పోగులు ముడేయడమే పని.

500 లీటర్ల వంట

40వ నంబరు పత్తికి, 10 శాతం ద్రావణానికి పొడి లెక్కన 50 కిలోల ఘనపదార్థం కావాలి. అందులో స్టార్చ్ 30, పీవీఏ 15, అక్రిలిక్ 3, మైనం 2 కిలోలు. కాటా మీద పెట్టే బరువు ఇంతే ఉండదు. స్టార్చ్‌లో సుమారు 12 శాతం తేమ ఉంటుంది కాబట్టి 34 కిలోలు తూయాలి. పీవీఏ 16 కిలోలు. అక్రిలిక్ ద్రవరూపంలో వస్తుంది. 25 శాతం ఘనం ఉన్నదైతే 12 కిలోలు పోయాలి. డబ్బా మీద అంకె వేరే ఉంటే లెక్క మార్చుకోండి. పాలిస్టర్ కాటన్ పడుగైతే పీవీఏను 25 కిలోలకు పెంచి, స్టార్చ్‌ను 18కి తగ్గించి, అక్రిలిక్ 5, మైనం 2 పెట్టుకోవచ్చు. ఇవన్నీ పొడి బరువులే.

నీళ్లు ఎన్ని పోయాలన్న దగ్గరే ఎక్కువమంది తప్పు చేస్తారు. గొట్టంతో ఆవిరిని నేరుగా ద్రావణంలోకి వదిలితే ఆ ఆవిరి నీళ్లయి అందులోనే కలుస్తుంది. 500 లీటర్ల వంటను 30 డిగ్రీల నుంచి 95కు తేవడానికి, అక్కడ నిలపడానికి 60 లీటర్ల దాకా అలా చేరుతుంది. పదార్థాల బరువు 64. అందుకే మొదట పోయవలసింది 375 లీటర్ల చన్నీళ్లే. ఆవిరి గొట్టంలో ముందే నిలిచిన నీళ్లుంటే వాల్వు తెరిచే ముందు వాటిని బయటికి వదిలేయండి, లేకపోతే లెక్క తప్పుతుంది. చివర్లో గుర్తు గీత చూసి 500కు సరిచేయాలి. తక్కువైతే వేడినీళ్లే పోయాలి. ఎక్కువైతే చేయగలిగింది లేదు, పలచనైన వంటతోనే నడపాలి. కాబట్టి కాస్త తక్కువ నుంచి మొదలుపెట్టడం తెలివి.

చన్నీళ్లలో కలియబెట్టే రెక్కను తిప్పుతూ, ముందు పీవీఏను సన్నటి ధారగా చల్లండి. వేడినీళ్లలో వేశారంటే ప్రతి గింజ పైపొర వెంటనే కరిగి జిగురై, లోపలి పొడికి నీళ్లు చేరకుండా మూసేస్తుంది. ఆ ఉండలు గంట ఉడికినా విడవవు. చన్నీళ్లలో గింజలన్నీ విడివిడిగా నానాక స్టార్చ్‌ను కూడా చల్లి, పది నిమిషాలు కలియనిచ్చి, అప్పుడు ఆవిరి తెరవండి. వేడి నెమ్మదిగా ఎక్కాలి. స్టార్చ్ 65–75 డిగ్రీల మధ్య ఒక్కసారిగా చిక్కబడుతుంది. ఆ సమయంలో రెక్క ఆగితే అడుగు పట్టేస్తుంది.

88 రకానికి 90 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు చాలు. స్టార్చ్ పూర్తిగా ఉడకాలి కాబట్టి మిశ్రమాన్ని 95 దగ్గర 30–40 నిమిషాలు ఉంచడం మంచిది. 99 రకమైతే 95 దగ్గర 45 నిమిషాలకు తగ్గవద్దు. ఆవిరి ఆపేశాక మైనం వేసి కరగనివ్వండి, ఆ తర్వాత అక్రిలిక్ పోసి మరో పది నిమిషాలు కలపండి.

కరిగిందో లేదో కంటితోనే తెలుస్తుంది. గాజు పలక మీద చుక్క వేసి వెనక నుంచి టార్చి వెలుగు పట్టండి. చేపకన్నులాంటి తెల్లని చుక్కలు కనబడితే ఇంకా ఉడకాలి. వడకట్టకుండా సైజు పెట్టెలోకి పంపకండి. ఒక్క కరగని గింజ రోలరు కింద పడితే చాలు, పక్కపక్క పోగులు అతుక్కుపోతాయి.

గాఢతను రిఫ్రాక్టోమీటరుతో చూస్తారు. అందులో కనబడే అంకె చక్కెర లెక్క, సైజు లెక్క కాదు. మీ వంటలోంచి పది గ్రాములు తూచి, 105 డిగ్రీల ఓవెన్‌లో బరువు స్థిరపడేదాకా ఆరబెట్టండి. మిగిలిన బరువును పదితో గుణిస్తే అసలు శాతం వస్తుంది. దాన్ని మీటరు అంకెతో భాగిస్తే మీ వంటకు సరిపడే గుణకం దొరుకుతుంది. వంటపాళ్లు మారితే గుణకం మళ్లీ తీయాలి. చిక్కదనానికి ఫోర్డ్ కప్పు (అడుగున చిల్లున్న కొలత కప్పు) పెట్టుకోండి. బాగా నడిచిన వంట ఎన్ని సెకన్లలో, ఏ వేడి దగ్గర కారిందో గోడ మీద రాసిపెట్టుకుంటే చాలు, పుస్తకాల్లోని అంకెలకన్నా అదే పనికొస్తుంది.

రెండు జాగ్రత్తలు. స్టార్చ్, పీవీఏ ద్రావణాలు కదలకుండా ఉంటే ఒకదాన్నుంచి ఒకటి విడిపోతాయి, అందుకే నిల్వ డ్రమ్ములోనూ రెక్క నెమ్మదిగా తిరుగుతూనే ఉండాలి. రెండోది బోరాక్స్. పాత గంజి వంటల్లో బోరాక్స్ వేసే అలవాటు కొన్నిచోట్ల ఉంది. పీవీఏలో అది పడిందా, గొలుసులను ఒకదానితో ఒకటి కట్టేసి మొత్తం వంటను జెల్లీ చేస్తుంది. 

నురగ వస్తే వెంటనే సిలికాన్ మందు గుమ్మరించకండి. ద్రావణం తిరిగి వచ్చే గొట్టం నీటిమట్టానికి పైన ఉంటే పడే ధార గాలిని లోపలికి లాగుతుంది. దాన్ని మట్టం కిందికి దించితే సగం నురగ పోతుంది. అప్పటికీ తగ్గకపోతేనే మందు, అదీ 500 లీటర్లకు 100–200 గ్రాములకు మించకుండా. సిలికాన్ ఎక్కువైతే ఆ మచ్చలు అద్దకంలో బయటపడతాయి, అప్పుడు తప్పు అద్దకం వాళ్ల మీద పడుతుంది.

మెషీను మీద

సైజు పెట్టెను మిల్లుల్లో సౌ బాక్స్ అంటారు. పత్తికి అందులో వేడి 85 డిగ్రీల దగ్గర ఉండాలి. పత్తి నార మీద సహజంగా ఉండే మైనం ఆ వేడికి మెత్తబడితేనే ద్రావణం లోపలికి దిగుతుంది. పాలిస్టర్ కాటన్‌కు 75–80 చాలు. రంగు నూలు పడుగైతే ముందు కొన్ని పోగులను వేడి ద్రావణంలో నానబెట్టి రంగు దిగుతోందేమో చూసుకోండి. డైరెక్ట్ రంగులు దిగే ప్రమాదం ఎక్కువ. మట్టం ఎప్పుడూ ఒకేలా ఉండాలి. మట్టం తగ్గితే దారం మునిగి ఉండే సమయం తగ్గుతుంది, సైజు తగ్గుతుంది, ఆ తేడా ఆ తర్వాత బట్టలో పట్టీలా కనబడుతుంది. పెట్టె మూత తెరిచి వదలకండి. పీవీఏ పైన చల్లటి గాలికి మీగడ కడుతుంది, మెషీను ఆగి మళ్లీ కదిలినప్పుడు ఆ మీగడ దారానికి అంటుకుని గట్టి పెచ్చవుతుంది.

పిండే రోలరు ఒత్తిడి వేగాన్ని బట్టి మారాలి. వేగం పెరిగితే రోలరు కిందికి ద్రావణం ఎక్కువగా ఈడ్చుకుపోతుంది, తడి పట్టు పెరుగుతుంది. బీము మార్చేటప్పుడు మెషీను పాకుతున్న వేగంలో అదే ఒత్తిడి ఉంచితే దారం పిప్పిలా పిండబడి, ఆ ముక్కకు సైజు సగమే ఎక్కుతుంది. అందుకే నిదానించినప్పుడు ఒత్తిడి తగ్గించే ఏర్పాటు ఉండాలి. ఏర్పాటు లేని పాత మెషీన్లలో చేత్తో తగ్గించండి, కనీసం ఆ నిదానం సమయాన్ని వీలైనంత కుదించండి. ప్రతి బీము మొదటి 20, 30 మీటర్లలోనే పోగులు ఎక్కువ తెగుతున్నాయంటే కారణం సాధారణంగా ఇదే.

పెట్టెలో పోగులు ఎంత కిక్కిరిసి ఉన్నాయన్నది తరచూ మరచిపోయే విషయం. రోలరు వెడల్పులో దారాల వ్యాసాలన్నీ కలిపి 60 శాతం దాటితే పోగు చుట్టూ ద్రావణం తిరగదు. పక్కకు పక్క తాకి ఆరిపోయి అతుక్కుంటాయి. వంటపాళ్లు ఎంత మార్చినా అది తగ్గదు. రెండు పెట్టెలుంటే పడుగును రెండుగా చీల్చి నడపాలి. ఒకటే ఉంటే తడిగా ఉన్నప్పుడే ఒక రాడ్డుతో పొరలను విడదీసి, వేర్వేరు సిలిండర్ల మీదికి పంపాలి.

సాగదీత పత్తికి 1 నుంచి 1.5 శాతం మించకూడదు. తడిసిన దారాన్ని ఎక్కువ లాగితే దానికి సహజంగా ఉన్న సాగే గుణం అక్కడే ఖర్చయిపోతుంది. మగ్గం మీద షెడ్డు తెరుచుకున్న ప్రతిసారీ ఆ సాగే గుణమే కావాలి. బలం పెరిగి సాగడం పోయిన దారం, బలం కాస్త తక్కువున్నా సాగే దారంకంటే త్వరగా తెగుతుంది.

ఆరబెట్టడం దగ్గర తొందర వద్దు. మొదటి సిలిండర్లకు టెఫ్లాన్ పూత ఉండాలి, లేకపోతే తడి పీవీఏ ఇనుముకు అంటుకుని దారం మీది పొరను ఊడబెరుకుతుంది. వేడి మొదటి సిలిండర్ల మీద 100 దగ్గర, మధ్యలో 120 వరకు, చివర్లో మళ్లీ తగ్గుతూ ఉండాలి. బయటికి వచ్చేటప్పుడు పత్తి పడుగులో 6–8 శాతం, పాలిస్టర్ కాటన్‌లో 2–4 శాతం తేమ మిగలాలి. చేత్తో పట్టుకుంటే కాగితంలా గరగరమందంటే అతిగా ఆరింది. అలా ఆరిన పొర రీడు దగ్గర పొడిగా రాలుతుంది, 99 రకమైతే కడిగినప్పుడూ మొండికేస్తుంది. తడి మిగిలితే బీము మీద పోగులు అతుక్కుని, నాలుగు రోజులు నిల్వ ఉంటే బూజు కూడా పడుతుంది.

ఆరాక పైపైన 0.3–0.5 శాతం మైనం రాసే రోలరు ఉంటే వంటలో మైనం సగానికి తగ్గించవచ్చు. లోపల కలిపిన మైనం సైజు నారకు పట్టే పట్టును కొంత తగ్గిస్తుంది. పైన రాసిన మైనం పూర్తిగా రాపిడి మీదే పనిచేస్తుంది.

తెగిన పోగు చెప్పేది

మగ్గం కింద రాలినదాన్ని వేళ్ల మధ్య నలిపి చూడండి. తెల్లటి పొడి అయితే పొర రాలుతోంది. అతిగా ఆరడమో, స్టార్చ్ ఎక్కువవడమో, పెట్టె చల్లబడి ద్రావణం లోపలికి దిగక పైపైన పేరుకోవడమో కారణం. పొడి కాక దూదిలాంటి నూగు అయితే సైజు చాలడం లేదు, లేదా లీజు రాడ్ల దగ్గర నారలు పీకబడుతున్నాయి. ఈ రెండింటి మధ్య తేడా తేల్చుకోకుండా పీవీఏ పెంచేయడం అలవాటైన పొరపాటు. లీజు దగ్గర చిరిగే సమస్యకు పీవీఏ పెంచితే అది ఇంకా ముదురుతుంది. అక్కడ పీవీఏలో ఐదో వంతు తగ్గించి స్టార్చ్ పెంచి చూడాలి, లేదా పెట్టెలో రద్దీ తగ్గించాలి.

తెగిన కొనను భూతద్దం కింద పెట్టండి. కుంచెలా నారలు విడిపోయి సన్నగా సాగిన కొన అయితే నారలు ఒకదాని మీద ఒకటి జారాయి, సైజు లోపలికి దిగలేదు. ద్రావణం పలచన చేసి, వేడి పెంచి, రోలరు ఒత్తిడి కాస్త పెంచి చూడండి. కత్తిరించినట్టు నిటారుగా తెగితే దారం పెళుసెక్కింది, అతి సైజో అతి ఎండో కారణం. ముడి దగ్గరో సన్నబడ్డ చోటో తెగితే ఆ తప్పు నూలుది, వార్పింగ్‌ది (పడుగు చుట్టడానిది). సైజుతో నయం కాదు.

సాంచాలు నడిచే గదిలో గాలి తేమ కూడా లెక్కలోకి వస్తుంది. ఒట్టి గంజి పడుగుకు 75–80 శాతం తేమ కావాలి. పీవీఏ కలిసిన పడుగుకు 65–70 చాలు, ఎండాకాలంలో అది పెద్ద సౌకర్యం. జులై, ఆగస్టుల్లో కథ తిరగబడుతుంది. తేమ 80 దాటితే 88 రకమూ అక్రిలిక్కూ జిగటబారి పోగులు షెడ్డులో విడవవు. వానాకాలపు వంటలో అక్రిలిక్‌ను సగం చేసి, ఆ మేరకు స్టార్చ్ పెంచుకోండి.

వంట మార్చినప్పుడు ఒకసారి ఒక్కటే మార్చండి. ఒక బీము పాతది, ఒకటి కొత్తది, ఒకే ఆసామి షెడ్డులో, పక్కపక్క సాంచాల మీద, ఒకే పేకతో నడపండి. ప్రతి 10,000 పిక్కులకు ఎన్ని పడుగు పోగులు తెగాయో, ఎక్కడ తెగాయో రాయండి: బీము వైపా, హీల్డు దగ్గరా, రీడు దగ్గరా, అంచులోనా. అంచు పోగులను విడిగా లెక్కించాలి, వాటి బాధ వేరు, అవి మొత్తం లెక్కను తప్పుదారి పట్టిస్తాయి.

కడగడం

సైజు పూర్తిగా పోతేనే పని పూర్తయినట్టు. బీముతో పాటు ఒక చీటీ వెళ్లాలి: ఏ పీవీఏ, ఎంత, స్టార్చ్ ఎంత, అక్రిలిక్ ఉందా లేదా. బట్ట అద్దకానికి వెళ్లినప్పుడు ఆ చీటీ కూడా వెళ్లాలి. అది లేకపోతే అక్కడివాళ్లు గంజి బట్ట అనుకుని ఎంజైము ఒక్కటే పెట్టి వదిలేస్తారు. ఎంజైము స్టార్చ్‌ను మాత్రమే కోస్తుంది, పీవీఏ జోలికి పోదు.

మిశ్రమ సైజుకు ముందు ఎంజైములో, దాని డబ్బా మీద చెప్పిన వేడిలో నానబెట్టి, ఆ తర్వాత వేడినీళ్లు పెట్టాలి. 88 రకానికి 80 డిగ్రీలు, 99కి 90 పైన, లీటరుకు ఒకటి రెండు గ్రాముల తడిపే మందుతో. ప్రతి తొట్టి తర్వాత గట్టిగా పిండాలి. కరిగిన పీవీఏ బట్టలోనే ఉండిపోయి చల్లటి తొట్టిలో పడితే మళ్లీ నార మీదే పేరుకుంటుంది. కాబట్టి మొదటి రెండు తొట్లూ వేడిగానే ఉండాలి.

రెండు పనులు మాత్రం కడగకముందు చేయకూడదు. ఒకటి, కాస్టిక్ పెట్టడం. క్షారం 88 రకంలో మిగిలిన అసిటేట్‌ను తీసేసి దాన్ని 99గా మార్చేస్తుంది, సులువుగా పోవలసింది బట్ట మీదే బిగుసుకుంటుంది. రెండోది, పాలిస్టర్ బట్టను హీట్ సెట్ చేయడం, అంటే గట్టి వేడితో దాని ఆకారం స్థిరపరచడం. ఆ వేడికి పీవీఏ నీళ్లలో కరగడమే మానేస్తుంది. ఇలా చెడిన బట్ట మీద రంగు మేఘాల్లా మచ్చలు పడుతుంది.

పోయిందో లేదో అయోడిన్‌తో పరీక్షించండి. ఒట్టి అయోడిన్ చుక్కకు నీలం వస్తే స్టార్చ్ మిగిలి ఉంది. అది రాకుండా, బోరిక్ యాసిడ్ కలిపిన అయోడిన్‌కు నీలమో నీలిపచ్చో వస్తే మిగిలింది పీవీఏ. ఈ వరుసలోనే చేయాలి, స్టార్చ్ ఉండగా రెండో పరీక్ష ఏమీ చెప్పదు.

దారానికి అసలు ఎంత సైజు ఎక్కిందో తేల్చుకోవడానికీ ఇదే దారి. ఐదు గ్రాముల పడుగు దారాన్ని ఎండబెట్టి తూచి, ఎంజైముతో, వేడినీళ్లతో రెండు పరీక్షలూ ఖాళీగా వచ్చేదాకా కడిగి, మళ్లీ ఎండబెట్టి తూయండి. తగ్గిన బరువును కడిగిన దారం బరువుతో భాగించి 100తో గుణించండి. సైజు పెట్టని అదే నూలును కూడా ఇలాగే కడిగి, దానిలో పోయిన శాతాన్ని తీసివేయండి. పత్తిలోని సహజ మలినాలు కూడా కొంత కరిగిపోతాయి, వాటిని సైజు ఖాతాలో రాయకూడదు.

కడిగిన నీళ్లను మామూలు మురుగులో కలిపేయడం సరికాదు. గంజి నీళ్లను సూక్ష్మజీవులు త్వరగా తింటాయి. పీవీఏను అవి నెమ్మదిగా, అలవాటుపడిన బురద ఉన్న శుద్ధి తొట్టిలోనే తినగలవు. లేకపోతే అది శుద్ధిని దాటి బయటికి పోతుంది. మొదటి వేడి తొట్టి నీళ్లలోనే పీవీఏ ఎక్కువ భాగం ఉంటుంది కాబట్టి వాటిని విడిగా పట్టి, ఉమ్మడి శుద్ధి కేంద్రానికి పీవీఏ ఉందని చెప్పి, కొద్దికొద్దిగా వదలాలి. పెద్ద మిల్లులు ఇదే నీటిని సన్నటి జల్లెడ పొరల గుండా, అంటే అల్ట్రాఫిల్ట్రేషన్‌తో, చిక్కబరిచి పీవీఏను మళ్లీ వంటకు వాడుకుంటాయి. దానికి సైజులో స్టార్చ్ కలవకుండా ఉండాలి, నేత, అద్దకం ఒకే ఆవరణలో ఉండాలి. చిన్న యూనిట్లు మురుగు తగ్గించుకోవాలంటే సులువైన దారి, ప్రతి నంబరుకూ అర శాతం చొప్పున సైజు తగ్గిస్తూ పోయి, పోగులు తెగడం మొదలయ్యే దగ్గర ఆగి, ఒక మెట్టు వెనక్కి రావడం.